అనుభవం లేదు

లెక్కల పీరియడ్ గంట కొట్టగానే పదో తరగతి పిల్లలు లేచి వంటషెడ్డు దగ్గరికి రావడం సుకుమారి కళ్లారా చూసింది. ఆమె బడికి వచ్చింది తల్లి కోసం. శీనమ్మ ఆ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒళ్లు కాలుతున్నా పొద్దున్నే పనికి పోయిందని, మాత్రలు కొంగున కట్టుకుని ఉదయగిరి రోడ్డెంబడి వెనకాలే నడిచి వచ్చింది సుకుమారి. వచ్చి చూస్తే మీసాలు మొలుస్తున్న మగపిల్లలు, ఓణీ ఈడు ఆడపిల్లలు గొంతుక్కూర్చుని ఉల్లిపాయలు వలుస్తున్నారు. ఒకడు చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతున్నాడు. వాళ్లను ఎవరూ రమ్మన్నట్టు లేదు. ఎవరూ పొమ్మంటున్నట్టూ లేదు. రోజూ ఉండే పనిలాగా తలొంచుకుని చేస్తున్నారు.

లెక్కల సారు బదిలీ అయి వెళ్లిపోయాక ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదని శీనమ్మ చెప్పింది. చెబుతూనే కళ్లు మండి మోచేత్తో తుడుచుకుంది.

"లెక్కల పీరియడంటే నాకు చేతిసాయం పీరియడు పాపా. నాకు సుకంగానే ఉండాది. వీళ్ల గతే యాడికి పోతాదో."

సుకుమారికి నవ్వు రాలేదు. కిందటేడు కాలనీ పిల్లలు పదో తరగతి తప్పింది లెక్కల్లోనే. తప్పిన ఆడపిల్లలు ఇప్పుడు కలువాయి వైపు కూలికి పోతున్నారు. తెల్లారి ఆటో ఎక్కేటప్పుడు సుకుమారి గుమ్మం ముందునుంచే పోతారు. తను బీఎస్సీ లెక్కలు చదివింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ ఇళ్ల వరసలోనే డిగ్రీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. చదివి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ జాకెట్లు కుడుతోంది.

తల్లికి మాత్ర మింగించి నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లింది.

సురేంద్రబాబు సారు ఆమె చెప్పిందంతా విన్నాడు. జీతం వద్దని, మార్చి పరీక్షలయ్యేదాకా రోజూ వచ్చి పదో తరగతికి లెక్కలు చెబుతానని ఆమె అన్నప్పుడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తనకు ఎంతో సంతోషమని, కానీ నోటి మాట మీద ఎవరినీ క్లాసులోకి పంపలేనని, రేపు ఏదైనా అయితే తన మెడకు చుట్టుకుంటుందని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక కవరింగ్ లెటర్ రాసివ్వమన్నాడు. ఏం చదివింది, ఎక్కడైనా చెప్పిన అనుభవం ఉందా, ఎందుకు రావాలనుకుంటోంది. తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టి ఒప్పించుకునే పూచీ తనదన్నాడు.

ఆ సాయంత్రం సుకుమారి కుట్టుమిషను బల్ల మీది గుడ్డముక్కలు పక్కకు జరిపి కాగితం పరుచుకుంది. కత్తెర పెట్టే ముందు గుడ్డ మీద గీత గీసుకున్నట్టు, మొదట పెన్సిలుతో రాసుకుంది. కాలనీలో పింఛను అర్జీలు, బియ్యం కార్డు అర్జీలు రాసిచ్చే చెయ్యే అది. అయినా సొంతానికి రాసుకోవాలంటే తడబడింది. చదువు గురించి రాయడం తేలిక. ఎందుకు రావాలనుకుంటోందో రాయడం ఇంకా తేలిక. వంటషెడ్డు దగ్గర చూసింది చూసినట్టు రాసి, సారు నొచ్చుకుంటాడేమోనని ఉల్లిపాయల మాట చెరిపేసింది. అనుభవం దగ్గరికి వచ్చి ఆగింది.

ఆమె ఏ బడిలోనూ పని చెయ్యలేదు. కానీ చెప్పని మనిషి కాదు. ఇంటరు చదివే రోజుల నుంచీ ప్రతి ఆదివారం బాప్టిస్టు చర్చి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెబుతూనే ఉంది. వాక్యం ఒక్కటే చెప్పి ఊరుకునేది కాదు. అధ్యాయం నంబరు, వచనం నంబరు వెతికించి అంకెలు నేర్పేది. చివర పంచే బిస్కెట్లను సగాలు, పావులు చేయించి భిన్నాలు నేర్పేది. లేచి మాట్లాడలేని పిల్ల చేత మాట్లాడించడం, అల్లరివాణ్ణి కొట్టకుండా కూర్చోబెట్టడం ఆమె నేర్చుకున్నది ఆ వరండాలోనే. అదే రాసింది. "గత కొన్ని సంవత్సరాలుగా మా చర్చి సండే స్కూలులో బాలబాలికలకు బోధించుచున్నాను. పిల్లలకు ఓర్పుతో చెప్పుట అక్కడ అలవడినది."

తండ్రి వరదయ్య చర్చి సంఘానికి పెద్ద. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, కూతుర్ని లెటరు పైకి చదవమన్నాడు. ఆ వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"ఆ ముక్క బాగుండాది. దాన్ని పైకి తెచ్చి రాయి మే. ముందు కనపడాల."

ఆయన కాలంలో మిషను హాస్టలు సీటుకైనా, నర్సు ట్రైనింగుకైనా అర్జీ ఆ మాటతోనే మొదలయ్యేది. ఫలానా సంఘపు బిడ్డ, ఫలానా పరిచర్య చేసింది అని రాస్తే తలుపు తెరుచుకునేది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన యోగ్యతాపత్రం అదొక్కటే. సుకుమారి ఆ మాటను పైకి తెచ్చి, పెన్నుతో సాపు కాగితం మీద దిద్దినట్టు రాసి, కింద "తమ విధేయురాలు" అని సంతకం చేసింది.

మరునాడు ఆమె లెటరు ఇచ్చేసరికి హెడ్మాస్టరు గదిలో కమిటీ చైర్మన్ పెంచలనరసింహం కూడా ఉన్నాడు. ఉదయగిరి బస్టాండు బజార్లో ఎరువుల అంగడి ఆయనది. చిన్న కూతురు ఇందు ఈ బడిలోనే పదో తరగతి. లెటరు ముందు సారు చదివి తల ఊపి ఆయనకిచ్చాడు. ఆయన నిదానంగా, పెదాలు కదుపుతూ చదివాడు. ఒకచోట వేలు పెట్టి ఆపాడు.

"సండే స్కూలంటే చర్చిలో చెప్పేదే గదమ్మా?"

"అవున్సార్."

"మంచిదే. పిల్లోళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పడం మంచిదే." మళ్లీ చదివాడు. "మీ అన్న అనంతసాగరంలో సర్వేయరు గదా? శ్రీనివాసులు?"

"అవున్సార్. ఆత్మకూరులో ఉంటాడు, రోజూ పోయొస్తాడు."

"తెలుసు, తెలుసు. ఎస్సీ కోటాలో వచ్చిన పిల్లోడు గదా. బుద్ధిమంతుడు."

కమిటీ ముందుకు వచ్చిన ప్రతి కాగితమూ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ బడిలో ఆనవాయితీ. మూత్రశాల రిపేరైనా, గుడ్ల లెక్కయినా అంతే. పెంచలనరసింహం కాగితాన్ని బల్ల మీద సాపుగా పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా ఒక మూల పేపరువెయిటు పెట్టి, ఫోటో తీశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు ఫైల్లో ఉండాల్సింది కదా అని హెడ్మాస్టరు నోరు తెరవబోయి, ఊరుకున్నాడు. సుకుమారి ఆ సంగతి గమనించలేదు. సోమవారం నుంచి రావచ్చేమోనన్న సంతోషంలో, ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతిదాకా పాత లెక్కల పుస్తకాలు ఎవరి దగ్గర దొరుకుతాయా అని ఆలోచిస్తూ ఇంటికి నడిచింది.

మరునాడు పొద్దు వాలుతుండగా అన్న ఎడ్విన్ వచ్చాడు. ఆత్మకూరు నుంచి బండి మీద వచ్చి, హెల్మెట్ తియ్యకుండానే గుమ్మంలో నిలబడి ఫోను చెల్లెలి ముందు పెట్టాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే. ఏందన్నా, తప్పు పోయినానా?"

"తప్పా? ఒక్క తప్పూ లేదు."

లోపలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. శీనమ్మ ఇచ్చిన నీళ్లు తాగకుండా పక్కన పెట్టాడు. ఆ ఫోటో గ్రూపు నుంచి గ్రూపుకు పోయి, పొద్దున్నే తన ఆఫీసులో పనిచేసే ఒకతని ఫోనుకు వచ్చిందట. అతను అందరి ముందూ నవ్వుతూ, ఏం శ్రీనివాసులూ, మీ చెల్లెలు చర్చిలో టీచరంట గదా అన్నాడట. అన్నవాడు నవ్వుతూనే అన్నాడు. విన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వలేదు.

ఎడ్విన్ ఇంట్లోనూ సంఘంలోనూ ఎడ్విన్. బడి రికార్డులో, కులం సర్టిఫికెట్‌లో, ఉద్యోగంలో శ్రీనివాసులు. కాలనీలో ప్రతి ఇంట్లోనూ అంతే. పిల్లకు ఒక పేరు పాస్టరు పెడతాడు, ఒక పేరు ఒకటో తరగతిలో వేసేటప్పుడు తండ్రి రాయిస్తాడు. రెండు పేర్లూ ఒకదానికొకటి ఎదురుపడకుండా బతుకు నడిచిపోతుంది. రెండు చోట్లా చెల్లే పేరని వరదయ్య కూతురికి ముచ్చటపడి సుకుమారి అని పెట్టాడు. రెండు పేర్ల మధ్య జాగ్రత్తగా అడుగు వెయ్యడం ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు.

"సర్టిఫికెట్‌లో మనం ఏమని రాయించుకున్నామో నీకు తెలుసు గదా," అన్నాడు ఎడ్విన్. "హిందూ మాల అని. మతం మారినోడికి ఎస్సీ చెల్లదంటాది రూలు. ఒకడు కలెక్టరాఫీసులో అర్జీ పడేసి, దాని వెనక నీ లెటరు కుట్టిస్తే చాలు. సొంత చెల్లెలు, సొంత దస్తూరి, కింద సంతకం. నా ఉద్యోగం పోతాది. నీ బీఈడీ సీటు పోతాది."

వరదయ్య గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నేనే రాయమన్నా అబ్బయ్యా. పైకి తెచ్చి రాయమన్నా."

"మీకేం నాయనా. మీ కాలం వేరే."

"కాలం మారితే మాత్రం, అబద్ధం రాసిందా బిడ్డ? నువ్వు దేవుణ్ణి..."

"నేను దేవుణ్ణి వద్దంటానా?" అన్నాడు ఎడ్విన్. "కాగితం మీద వద్దంటా ఉండా. ఊరి చివర కాలనీలో ఉంచినప్పుడు ఏ దేవుణ్ణి మొక్కుతారని అడిగినారా ఎవరైనా? కాగితం మీదయితే అడుగుతారు. అంతే."

సుకుమారి మిషను మీద చెయ్యి వేసి, సూది దగ్గర పోగును అటూ ఇటూ లాగుతోంది.

"సరేలే అన్నా. నేను బడికే పోను. కాగితం వెనక్కి తెచ్చుకుంటా."

"ఇప్పుడు మానుకుంటే ఎందుకు మానుకుందని అడుగుతారు. చైర్మన్ నాకు ఫోన్ చేసినాడు. ఆ మాట లేకుండా ఇంకోటి రాసిమ్మన్నాడు. సండే స్కూలు ఊసెత్తకుండా, నాకు యాడా చెప్పిన అనుభవం లేదని రాయి. రాసి, బడికి పోవాల. పోకపోతేనే తప్పు మన మీద పడతాది."

ఈసారి ఆమె పెన్సిలు తియ్యలేదు. నేరుగా పెన్నుతోనే రాసింది. అంతా కలిపి నాలుగు వాక్యాలు కూడా కాలేదు. "నాకు బోధనలో ఎట్టి అనుభవమూ లేదు" అని రాసేటప్పుడు వరదయ్య కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పైకి చదవమని ఎవరూ అడగలేదు.

శనివారం అన్నాచెల్లెళ్లిద్దరూ ఎరువుల అంగడికి వెళ్లారు. యూరియా బస్తాల మధ్య పెంచలనరసింహం ఒక రైతుకు పురుగుమందు డబ్బా ఇచ్చి ఎంత నీళ్లలో కలపాలో ఓపిగ్గా చెబుతున్నాడు. చెప్పడం అయ్యాక చేతులు తుడుచుకుని, ఇద్దరికీ కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు. కొత్త లెటరు చదివాడు.

"ఇది కుదురుగా ఉండాది." ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. పాత ఫోటోను వాళ్ల కళ్లముందే తీసేశాడు. "చూసినావా శ్రీనివాసులూ, పోయింది."

"ఆ పాత కాగితం ఇస్తే, అన్నా..." అన్నాడు ఎడ్విన్. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"అది యాడికి పోతాదబ్బా. నా కాడ ఉంటే భద్రం." ఆయన గొంతులో బెదిరింపు లేదు. సొంత మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు. "అన్నట్టు, అనంతసాగరం కాడ మా బావమరిది చేనుండాది. గట్టు కాడ ఏదో పేచీ అంట. నీ సంతకం కాడ ఆగిందంటా ఉండాడు. ఒకసారి చూడు."

ఎడ్విన్ గ్లాసులోకి చూశాడు. "చూస్తానన్నా," అన్నాడు.

పెంచలనరసింహం సుకుమారి వైపు తిరిగాడు. వారమంతా బడి ఉంటుంది కాబట్టి ఆదివారాలు విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. కాలనీ పిల్లలనీ ఊరి పిల్లలనీ ఒక్కటిగా చూసుకొమ్మన్నాడు.

"మా ఇందుకు లెక్కలంటే భయం తల్లీ. దాన్ని గట్టెక్కించు, నీ మేలు మర్చిపోను. బడిలో ఏం జరిగినా వచ్చి మొత్తం చెప్తాదిలే, అదొక్కటి బాగుండాది దాంట్లో."

ఆ మాట నిజంగానే మనసులోంచి వచ్చింది. కూతురికి ఒక టీచరు దొరికిందన్న ఊరట ఆయన ముఖం మీద కనిపించింది. సుకుమారికి అన్నిటికంటే దానికే భయం వేసింది.

బయట ఎడ్విన్ బండి తాళం పెట్టి, స్టార్టు చెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

"ఆ గట్టు పక్క చేను కామయ్య అనే ముసలాయనది," అన్నాడు. "కొలత ప్రకారం ఆయనదే న్యాయం. రోజూ వచ్చి మా ఆఫీసు బెంచీ మీద కూర్చుంటాడు. ఏమీ అడగడు. కూర్చుని పోతాడు."

సుకుమారి ఏదో అనబోయింది. ఎడ్విన్ బండి స్టార్టు చేశాడు.

ఆదివారం ఆమె చర్చికి వెళ్లలేదు. పాస్టరుగారి అబ్బాయి శాంతికుమార్ పిల్లల్ని కూర్చోబెట్టుకున్నాడని శీనమ్మ వచ్చి చెప్పింది. కుట్టాల్సిన జాకెట్లు చాలా ఉన్నాయి. చర్చి వరండాలో పాట మొదలైనప్పుడు సుకుమారి మిషను వేగం పెంచింది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది.

సోమవారం హెడ్మాస్టరు ఆమెను పదో తరగతికి తీసుకువెళ్లి, కొత్త లెక్కల మేడమ్ అని చెప్పి, హాజరు పట్టీ చేతికిచ్చి వెళ్లాడు. క్లాసు నిండుగా ఉంది. ఆ రోజు వంటషెడ్డు దగ్గర చూసిన ముఖాలన్నీ బెంచీల మీద ఉన్నాయి. ముందు బెంచీలో, నున్నగా దువ్వి రిబ్బన్లు కట్టుకున్న అమ్మాయి ఇందు అని చెప్పకుండానే తెలిసింది. నోటుబుక్కు తెరిచి, తారీకు వేసి, పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉంది.

సుకుమారి పేర్లు పిలవడం మొదలుపెట్టింది. "దివ్యశ్రీ" అన్న పేరు దగ్గర ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచింది. మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది.

లిదియమ్మ కూతురు హెప్సిబా. కాలనీలో తమ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటుంది. ఇంతప్పుడు నోటుబుక్కు పట్టుకుని చర్చి వరండాలోకి వచ్చి, ఏడాదిపాటు నోరు విప్పకుండా ఒక మూల కూర్చున్న పిల్ల. ఆ పిల్ల చేత మొదటి మాట పలికించడానికి సుకుమారి పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఇప్పుడు చిన్నపిల్లలకు తనే పాట నేర్పుతుంది. ఆదివారం టీచరు ఎందుకు రాలేదోనని బెంగపడి, ఇవాళ ఎదురుగా కనిపించేసరికి తన పేరు పిలిచింది కూడా పట్టించుకోనట్టుంది. ముఖమంతా నవ్వు చేసుకుని రెండు చేతులూ జోడించింది.

"వందనాలు టీచర్."

సంఘంలో చెప్పుకునే పలకరింపు అది. కాలనీ పిల్లలు రెండు మూడు గొంతులు దాన్ని అందుకోబోయి ఆగాయి. ఇందు వెనక్కి తిరిగి హెప్సిబాను చూసింది. తర్వాత సుకుమారిని చూసింది.

"ఈ పిల్ల మీకు ముందే తెలుసా మేడమ్?"

ఆ పిల్ల గొంతులో కుట్ర ఏమీ లేదు. కొత్త మేడమ్ గురించి తెలుసుకోవాలన్న కుతూహలమే. సుకుమారి చేతిలో హాజరు పట్టీ అంచు మడతపడింది. బెంచీ మీద కూర్చుని పోయే ముసలాయన గుర్తొచ్చాడు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్న అన్న గుర్తొచ్చాడు.

"లేదు," అంది. "ఇవాళే గదా వచ్చింది నేను." తర్వాత మూడో బెంచీ వైపు చూసి, "నీ పేరేందమ్మా?" అని అడిగింది.

హెప్సిబా చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నవ్వు ఒక్కసారిగా పోలేదు. ముందు కళ్లలోంచి పోయింది. పెదాల మీద కొంచెంసేపు నిలబడి, తర్వాత అక్కడినుంచి కూడా పోయింది. తల తిప్పి పక్కనున్న కాలనీ పిల్లల్ని చూసింది. వాళ్లు బల్ల మీది గీతలు చూసుకుంటున్నారు. చేతులు దించి, లంగా పక్కలకు ఆనించుకుంది.

"దివ్యశ్రీ, మేడమ్."

"పిలిచినప్పుడు పలకాల. కూర్చో."

కూర్చుంది. సుకుమారి మిగతా పేర్లు పిలిచింది. పిలిచిన ప్రతి పిల్లా వెంటనే, చక్కగా, "ప్రెజెంట్ మేడమ్" అని పలికింది. బోర్డు తుడిచి కారణాంకాలతో మొదలుపెట్టింది. బిస్కెట్లు పంచినట్టు చెబితే సులువుగా అర్థమయ్యే లెక్క. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. తర్వాతి లెక్క బోర్డు మీద ఎవరు చేస్తారని అడిగితే ఇందు లేచి వచ్చింది. భయపడుతూ, తడబడుతూ చేసింది. సుకుమారి ఓర్పుగా దిద్దింది. మూడో బెంచీలో హెప్సిబా తల ఎత్తకుండా, బోర్డు మీదున్నది ఉన్నట్టు నోటుబుక్కులోకి దింపుకుంటోంది. ఆ లెక్క ఆ పిల్లకు వచ్చు. సుకుమారికి తెలుసు.

గంట కొట్టాక పిల్లలంతా లేచి ఒక్క గొంతుతో "థాంక్యూ మేడమ్" అన్నారు. ఆమె చేతుల సుద్దపొడి దులుపుకుంటూ వరండాలోకి వచ్చింది. వంటషెడ్డు దగ్గర శీనమ్మ ఒక్కతే కూర్చుని ఉల్లిపాయలు వలుస్తోంది. కూతుర్ని చూసి చెయ్యి ఊపింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

హెడ్మాస్టరు ఎదురొచ్చాడు. క్లాసు బయటి నుంచి కాసేపు విన్నానని, పర్వాలేదని, కాకపోతే కొంచెం బిగుసుకుపోయినట్టు అనిపించిందని మెత్తగా చెప్పాడు. నొచ్చుకుంటుందేమోనని వెంటనే సర్దాడు.

"మొదటి రోజు ఎవరికైనా అట్టాగే ఉంటాదిలేమ్మా. అలవాటు లేదు గదా."

సుకుమారి హాజరు పట్టీ ఆయన చేతికి ఇచ్చింది.

"అవున్సార్," అంది. "అలవాటు లేదు."